వెతకడం నేర్పే క్లాసు

అమ్మా,

నెట్‌లో వెతకడం పిల్లలకు ఎక్కడ్నించి నేర్పాలో రాయమన్నావు. కంప్యూటర్లు ఆన్ చెయ్యకుండా మొదలుపెట్టు. మొదటి పావుగంట నల్లబల్ల మీదే జరగాలి. వాళ్లకు టైపింగ్ వచ్చు. రానిదల్లా తమ ప్రశ్నని, జవాబున్న పేజీలో కనిపించే మాటల్లోకి మార్చుకోవడం.

"మా సైన్సు ప్రాజెక్టుకి అగ్నిపర్వతాలు ఎందుకు పేలతాయో చెప్పు" అని కొడతారు. దాన్నలాగే బోర్డు మీద రాసి, జవాబు రాసినవాళ్లు వాడే మాటల కింద గీత గీయించు. ‘ప్రాజెక్టు’, ‘చెప్పు’ రాలిపోతాయి. ‘పేలడం’ బదులు పుస్తకాల్లో ‘విస్ఫోటనం’ అని ఉంటుందని వాళ్లలోనే ఒకరు అనేదాకా ఆగు, నువ్వు అందించకు. మూడు నాలుగు మాటలు చాలు. అవి కొట్టి ఒక పేజీ చదివితే ‘మాగ్మా’, ‘పీడనం’ లాంటి కొత్త మాటలు దొరుకుతాయి. వాటితో మళ్లీ వెతికించు. అసలు నేర్పాల్సింది ఈ రెండో వెతుకులాటే. మొదటిసారి దొరక్కపోతే చాలామంది పిల్లలు నెట్‌లో లేదనుకుని వదిలేస్తారు.

ఒక కంప్యూటర్‌కి ఇద్దరు. ముగ్గురైతే మూడోవాడు చూస్తూ కూర్చుంటాడు. ఒకరు టైప్ చేస్తుంటే రెండోవాళ్లు నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి ఏం కొట్టారో, ఏం వచ్చిందో, తర్వాత ఏం మార్చారో రాయాలి. పది నిమిషాలకి చేతులు మారాలి.

గుర్తులు ఒకేసారి గుమ్మరించకు, మూడు చాలు. వరుసగా అవే మాటలు కావాలంటే కొటేషన్ గుర్తులు. అక్కర్లేనిది తీసెయ్యడానికి మైనస్: దాని ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. ఒకే సైటులో వెతకడానికి ఇంగ్లిష్‌లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా అడ్రసు. పిల్లలు కోలన్ తర్వాత స్పేస్ కొడతారు, అప్పుడది పనిచెయ్యదు. "టీచర్, రావట్లేదు" అన్న చోటల్లా ముందు ఆ స్పేసే చూడు.

ఒకరోజు క్లాసుని రెండుగా విడగొట్టు. ఒక సగం ‘వీడియో గేమ్స్ వల్ల లాభాలు’ అని, రెండో సగం ‘వీడియో గేమ్స్ వల్ల నష్టాలు’ అని వెతకాలి. మొదటి ఐదు శీర్షికలు బోర్డు మీద పక్కపక్కన రాయించు. అడిగిన వైపే జవాబులు వస్తాయని నువ్వు చెప్పక్కర్లేదు, వాళ్లే అంటారు. ‘పిల్లల మీద వీడియో గేమ్స్ ప్రభావం’ అని ఏ వైపూ మొగ్గకుండా అడగడం అప్పుడు నేర్పు.

ఫలితాలు రాగానే మౌస్ మీద చెయ్యి పడనివ్వకు. ఒక నిమిషం చదవాలి: ఏది ప్రకటన, ఏ అడ్రసు, ఏ తేదీ. పైన ఏఐ ఇచ్చే సారాంశాన్ని ఎత్తి రాస్తే ఒప్పుకోకు. ‘కొన్ని సందర్భాల్లో మాత్రమే’ అన్న ముక్క అందులో ఎగిరిపోయి ఉండొచ్చు. అది చూపించిన పేజీ తెరిచి, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో ముఖ్యమైన మాట కొట్టి, ఆ విషయం అక్కడ ఉందో లేదో పట్టుకోవాలి.

సైటుని నమ్మాలా వద్దా అన్నదానికి పసిఫిక్ నార్త్‌వెస్ట్ ట్రీ ఆక్టోపస్ పేజీ చూపించు. చెట్ల మీద బతికే ఆక్టోపస్ గురించి 1998లో పెట్టిన కల్పిత సైటు అది. ఫోటోలుంటాయి, శాస్త్రీయ నామం ఉంటుంది. ఆ పేజీనే ఎంతసేపు చదివినా చిన్నపిల్లలు నమ్మే అవకాశమే ఎక్కువ. పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి అదే పేరు వెతికితే నిమిషంలో బండారం బయటపడుతుంది. పేజీ వదిలి బయటికెళ్లి, దాని గురించి ఇతరులేమన్నారో చూడటం అలవాటు చెయ్యి. ‘చివర డాట్ ఆర్గ్ ఉంటే నమ్మొచ్చు’ అని మాత్రం నేర్పకు, ఆ అడ్రసు ఎవరైనా కొనుక్కోవచ్చు.

మార్కులు జవాబుకి కాదు, నోట్‌బుక్‌కి వెయ్యి. మాట మార్చి మళ్లీ వెతికిన ప్రతిసారీ ఒక మార్కు. జవాబుకే వేస్తే పక్కవాళ్లది చూసి రాసేస్తారు.

క్లాసున్న రోజు పొద్దున్నే నీ ఉదాహరణలన్నీ ఒకసారి వెతికి చూసుకో. నిన్నటి ఫలితాలు ఇవాళ ఉండవు, ఒక్కోసారి రెండు కంప్యూటర్లలో కూడా ఒకేలా రావు.

ఆశీస్సులతో.