పంచాంగంలో ముందే ఉన్న ఖర్చుకు అప్పెందుకు?

ప్రశ్న: మేము బెంగళూరు రామమూర్తినగర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మాది నెల్లూరు. ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకు రూ.1,35,000 వస్తాయి. అద్దె 32,000, పిల్లల ఫీజులు నెలకు లెక్కేస్తే 15,000, ఇంటి ఖర్చులు 40,000, సిప్‌లు, బీమా కలిపి 14,000 పోతాయి. బాబు మొదటి పుట్టినరోజుతో పాటు ఆ ఏడాది పండుగలు, పెళ్లిళ్ల కోసం మూడు లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాం. 14 శాతం వడ్డీ, నెలకు 10,253 ఈఎంఐ, ఇంకా రెండేళ్లు ఉంది. సేవింగ్స్ ఖాతాలో 90,000 ఉన్నాయి. జులైలో మావారికి కొంత బోనస్ వస్తుంది. వచ్చే ఏడాది జ్యేష్ఠంలో మామగారి షష్టిపూర్తి. పాపకు తొమ్మిదేళ్లు, కొన్నాళ్లకు ఓణీల వేడుక చేయాలి. ఫోటోలకు, వేడుకలకు ఇంత ఖర్చు వృథా అని మావారు అంటారు. పిల్లలకు జ్ఞాపకాలు మిగలాలి కదా అని నేనంటాను. ఏది మానుకోవాలి? నగల దుకాణం వాళ్ల నెలవారీ స్కీములో చేరమంటారా?

జవాబు: మీ ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అందుకే ఎవరి పక్షాన తీర్పు చెప్పడానికీ నేను ప్రయత్నించను. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఖర్చు ఎంతన్నది కాదు, ఆ ఖర్చు మీ ఇంటికి ఎలా వస్తున్నదన్నది. వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, సంక్రాంతి, పిల్లల పుట్టినరోజులు, ఇవేవీ హఠాత్తుగా ఊడిపడేవి కావు. ఏ పండుగ ఏ తేదీన వస్తుందో ఉగాది నాడు ఇంటికి తెచ్చుకున్న పంచాంగంలోనే అచ్చై ఉంటుంది. ఏడాది ముందు తెలిసిన ఖర్చును ఆసుపత్రి ఖర్చులా అప్పు చేసి తీర్చవలసి రావడమే మీ ఇంట్లో అసలు ఇబ్బంది. మూడు లక్షల అప్పుకు మూడేళ్లలో మీరు చెల్లించే వడ్డీ దాదాపు రూ.69,000. మీరే రాసి పంపిన పట్టిక ప్రకారం, ఉగాది నుంచి సంక్రాంతి దాకా ఏడాదిలో వచ్చే పండుగల ఖర్చంతా కలిపినా దానికంటే పదిహేను వేలే ఎక్కువ.

ఆ పట్టికను నేను కూడి చూశాను. ఉగాదికి 6,000, వరలక్ష్మీ వ్రతానికి 12,000, వినాయక చవితికి 5,000, దసరా బొమ్మల కొలువుకూ బట్టలకూ 18,000, దీపావళికి 15,000, సంక్రాంతికి ఊరు వెళ్లి రావడానికి 28,000, పిల్లలిద్దరి పుట్టినరోజులకు 30,000, మీ పెళ్లిరోజుకు 6,000, బంధువుల పెళ్లిళ్లకు చదివింపులు, ప్రయాణాలు కలిపి 36,000. మొత్తం రూ.1,56,000, అంటే నెలకు 13,000. ఈఎంఐతో సహా అన్నీ పోగా మీకు నెలకు మిగిలేది సుమారు 23,700. షష్టిపూర్తికి నెలకు పదివేలు పక్కన పెడితే అంతటితో సరిపోతుంది, ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. అందువల్ల కొంత తగ్గించక తప్పదు. కానీ అన్నింటిలోనూ సమానంగా కోత పెట్టమని నేను చెప్పను. పుట్టినరోజులకు 16,000, దసరాకు 12,000, దీపావళికి 11,000 సరిపెట్టుకుంటే ఏడాది మొత్తం రూ.1,32,000కు, అంటే నెలకు 11,000కు దిగుతుంది. సంక్రాంతి ప్రయాణంలోనూ బంధువుల చదివింపుల్లోనూ నేను చేయి పెట్టలేదు. పిల్లలు తాతగారి ఊళ్లో భోగిమంట దగ్గర నిలబడే ఆ నాలుగు రోజులకు బెంగళూరులో మరో ప్రత్యామ్నాయం లేదు. బంధువులు మీ ఇంటి శుభకార్యాలకు ఇచ్చినదానికి మీరు బదులు ఇవ్వడంలో గౌరవం ఉంది.

ఈ 11,000 మీ జీతం ఖాతాలో ఉండకూడదు. వేరే బ్యాంకులో ఒక పొదుపు ఖాతా తెరిచి, దానిని ఫోన్‌లోని యూపీఐకి జోడించకుండా ఉంచి, జీతం పడిన మరుసటి రోజే ఈ సొమ్ము దానంతట అదే అక్కడికి వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. పండుగ దేనికైనా ఆ ఖాతా నుంచే తీయండి, అందులో ఉన్నంతే ఖర్చు చేయండి. అత్యవసరాల కోసం ఉంచిన 90,000ను మాత్రం ఏ పండుగకూ కదపవద్దు. నిజానికి మీ కుటుంబానికి అది ఒక నెల ఖర్చుకైనా చాలదు.

ఈ ఏడాది పంచాంగం మీకు కొంచెం అనుకూలంగా ఉంది. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం రావడంతో శ్రావణం మొదలు దీపావళి దాకా పండుగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. 2025లో అక్టోబరు 20న వచ్చిన దీపావళి 2026లో నవంబరు 8న వస్తున్నది. జూన్‌లో బడి ఫీజులు కట్టిన తర్వాత పండుగల వరుస మొదలయ్యే లోపు రెండు మూడు వారాల వ్యవధి అదనంగా దొరుకుతుంది. మరోవైపు అధిక మాసంలో ముహూర్తాలు ఉండవు కనుక బంధువుల శుభకార్యాలు ఆ నెలకు ముందూ వెనకా గుమిగూడుతాయి. చదివింపుల పద్దు ఆ నెలల్లో బరువెక్కితే కంగారు పడకండి.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఇప్పుడు ఏప్రిల్‌లో మొదలుపెడితే జనవరి నాటికి ఆ ఖాతాలో పది నెలల సొమ్ము, అంటే 1,10,000 జమ అవుతుంది. కానీ సంక్రాంతి ముగిసేసరికి అయ్యే ఖర్చు 1,20,000. వచ్చే ఉగాదికీ చివరి రెండు నెలల చదివింపులకూ తప్ప మిగతావన్నీ అప్పటికే అయిపోతాయి. ఆ పదివేల తేడాను జులై బోనస్‌లోంచి ముందుగానే వేసి ఉంచండి. రెండో ఏడాది నుంచి ఈ తేడా ఉండదు. రైలు టికెట్ల సంగతి కూడా గుర్తుంచుకోండి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు కనుక జనవరి రెండో వారం ప్రయాణానికి టికెట్లు నవంబరు రెండో వారంలో, అంటే ఈసారి దీపావళి అయిన వెంటనే తెరుచుకుంటాయి. దీపావళికి చేయి ఖాళీ చేసుకుంటే ఆ వారం దాటిపోతుంది. తర్వాత ప్రైవేటు బస్సువాళ్లు అడిగినంత ఇచ్చి వెళ్లవలసి వస్తుంది.

ఇక షష్టిపూర్తి. మామగారు 1967లో, ప్లవంగ నామ సంవత్సరంలో పుట్టారు కాబట్టి అరవై ఏళ్ల చక్రం తిరిగి 2027లో అదే పేరు గల సంవత్సరం వస్తున్నది. జీవితంలో ఒకే ఒక్కసారి వచ్చే ఇటువంటి వేడుక విషయంలో పిసినారితనం చూపమని నేను ఎవరికీ చెప్పను. అయితే మీరు రాసిన నాలుగు లక్షల అంచనాలో సగానికి పైగా కల్యాణ మండపానికీ, నాలుగు వందల మంది భోజనాలకూ పోతున్నది. హోమాలు, పూర్ణకుంభాల స్నానం, అత్తమామలకు మళ్లీ మాంగల్యధారణ, ఇవి ఆ వేడుకకు ప్రాణం. వాటికి మండపమే కావాలని లేదు. నెల్లూరులోని మీ ఇంటి దగ్గర, లేదా అక్కడి గుడిలో చేసుకుని, నిజంగా వారి జీవితంలో ఉన్న రెండు వందల మందిని పిలిస్తే రూ.2,80,000లో చక్కగా జరుగుతుందని మీ పట్టికనుబట్టి నాకనిపిస్తున్నది. అందులో సగం మీ మరిదిగారు భరిస్తారని రాశారు, కానీ ఆయనతో ఇంకా మాట్లాడలేదని కూడా రాశారు. దయచేసి ఈ వారమే మాట్లాడండి. మండపం అడ్వాన్సు కట్టిన తర్వాత అన్నదమ్ముల మధ్య లెక్కలు మాట్లాడుకోవడం వల్ల మనసులు నొచ్చుకున్న ఇళ్లను నేను చాలా చూశాను. మీ వాటా 1,40,000. 14 నెలల రికరింగ్ డిపాజిట్‌లో నెలకు 10,000 వేస్తే ఆ మొత్తం సిద్ధమవుతుంది. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా పైన అయిదు వేలకు పైగా వస్తుంది. పురోహితుల దక్షిణను ఆ వడ్డీలోంచి ఇవ్వవచ్చు.

నగల స్కీము గురించి అడిగారు. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా సరుకు రూపంలో తీర్చాలన్న నిబంధన కంపెనీలకు ఉన్నందువల్లే ఆ స్కీములు చాలావరకు 11 నెలలకు ముగుస్తాయి. ముగిశాక మీరు నగే కొనాలి, డబ్బు వెనక్కి అడగడానికి అది డిపాజిట్ కాదు. బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకు ఉన్న బీమా రక్షణ దానికి వర్తించదు. షష్టిపూర్తి మంగళసూత్రాల కోసం చిన్న మొత్తంతో చేరితే అభ్యంతరం లేదు. నగ మీద హాల్‌మార్కుతో పాటు ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య (హెచ్‌యూఐడీ) చూసి తీసుకోండి, 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. పాప ఓణీల వేడుక కోసం మాత్రం అందులో చేరవద్దు. షష్టిపూర్తి అయ్యాక ఖాళీ అయ్యే నెలకు 10,000 ఆ వేడుక వైపు మళ్లితే అది వచ్చేసరికి డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

పాప విషయంలో అంతకన్నా తొందర పని ఒకటుంది. ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే పొదుపు పథకం, సుకన్య సమృద్ధి ఖాతా, పాపకు పదేళ్లు నిండకముందే తెరవాలి. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతానికి పెరిగింది, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. ఏడాదికి కనీసం 250 నుంచి గరిష్ఠంగా 1,50,000 వరకు వేయవచ్చు. 13,000 బదులు 11,000 చేసినందువల్ల మిగిలిన రెండు వేలల్లో ఒక వెయ్యి ఇప్పుడే ఇందులో వేయడం మొదలుపెట్టండి, రెండేళ్లకు ఈఎంఐ తీరగానే ఆ సొమ్మంతా ఇటే రానివ్వండి. పాపకు పద్దెనిమిదేళ్లు నిండాక లేదా పదో తరగతి పూర్తయ్యాక చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు.

మిగిలిన వెయ్యిని మీ మాటకు, అంటే జ్ఞాపకాలకు కేటాయిస్తున్నాను. పిల్లలకు గుర్తుండేది హాలులోని బెలూన్ల గోడ కాకపోవచ్చు. జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శన, కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే పల్లీల జాతర కడలెకాయ పరిషెలో పల్లీలు కొని దారంతా వలుచుకుంటూ నడవడం, వేసవిలో కోలారు శ్రీనివాసపురం మామిడిపండ్ల బుట్ట ఇంటికి రావడం, అత్తగారు వచ్చినప్పుడు ఆవకాయ కలిపే రోజు, ఇవి వెయ్యి రూపాయలకు లోపలే అయ్యే ఖర్చులు. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు కె.ఆర్. మార్కెట్‌లో కనకాంబరాల ధర ఎంతకు ఎగబాకుతుందో మీకు తెలిసే ఉంటుంది. రెండు మూడు రోజుల ముందే వెళ్లి కలువలో, చామంతులో తెచ్చుకుంటే మిగిలేది చిన్న మొత్తమే అయినా, పాపను వెంట తీసుకువెళితే ఆ ఉదయం తనకు మిగులుతుంది.

ఫోటోల విషయంలో మీవారితో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. షష్టిపూర్తికి ఫోటోగ్రాఫరును పెట్టుకోండి. కానీ డ్రోన్, రెండు వీడియో కెమెరాలు, మూడు ఆల్బమ్‌లు అక్కరలేదు. ఒక ఆల్బమ్, అసలు ఫైళ్లన్నీ మీకు ఇవ్వాలన్న మాట రాతపూర్వకంగా, సొమ్ములో కనీసం మూడో వంతు ఫైళ్లు చేతికి వచ్చాకే ఇచ్చేలా ఒప్పందం, ఇంత చాలు. ఇంటిల్లిపాదీ రోజువారీ ఫోటోలు ఫోన్లలోనే ఉంటాయి కనుక ప్రతి ఉగాదికీ వాటిలోంచి యాభై ఎంచి అచ్చు వేయించండి. ఈ వెయ్యిలోంచే అది కూడా సరిపోతుంది.

మీ చదివింపుల పుస్తకం గురించి రాసినది చదివినప్పుడు మా అమ్మగారి జమాఖర్చుల పుస్తకం గుర్తుకు వచ్చింది. 1991 వినాయక చవితి కింద ఆమె ఇలా రాసుకున్నారు: "పత్రి 3 రూ., విగ్రహం 8 రూ., చిన్నవాడు తొండం విరిచినందున మరొకటి 8 రూ." ఆ చిన్నవాణ్ణి నేనే. మా ఇంట్లో ఆ పండుగ ఫోటో ఒక్కటీ లేదు, ఈ పద్దు ఉంది. ఇప్పుడు నేను సలహా ఇచ్చే ప్రతి కుటుంబానికీ ఇదే పద్ధతి చెబుతున్నాను. పండుగ ఖర్చు పక్కన ఆ రోజు ఏం జరిగిందో ఒక వాక్యం రాయండి. రెండేళ్లు రాశాక ఏ ఖర్చు పక్కన రాయడానికి ఏమీ లేదో మీకే కనబడుతుంది, వచ్చే ఏడాది దాన్ని తగ్గించండి. మీవారితో వాదన కూడా ఆ పుస్తకం ముందు పెట్టుకుని చేసుకోవచ్చు.

పన్ను గురించి ఒక్క మాట. దగ్గరి బంధువులు ఇచ్చే కానుకలకు పన్ను ఉండదు. స్నేహితులు, ఇతరులు ఏడాదిలో ఇచ్చినవి అన్నీ కలిపి 50,000 దాటితే మొత్తమంతా ఆదాయంగా లెక్కిస్తారు. పెళ్లి సందర్భంగా వచ్చిన కానుకలకు ఉన్న మినహాయింపు షష్టిపూర్తికి, ఓణీల వేడుకకు, పుట్టినరోజుకు ఉండదు కనుక ఎవరు ఎంత ఇచ్చారో ఆ చదివింపుల పుస్తకంలోనే వేరుగా రాయండి.

ఈ ఉగాది ఖర్చు ఇంకా ఎక్కడా రాయలేదని ఉత్తరం చివర చెప్పారు. కొత్త పుస్తకం దానితోనే మొదలుపెట్టండి: బట్టలు ఎంత, మామిడికాయలు ఎంత, వేపపువ్వు మాత్రం పాప అపార్ట్‌మెంటు వెనక చెట్టు నుంచి తెచ్చింది కాబట్టి ఖర్చు సున్నా.