మెంబర్‌షిప్ రేటు తర్వాత, ముందు ఒక రాత్రి లైవ్ చూడండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి, పత్తి వేస్తాం. మా అబ్బాయి హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం. నయీంనగర్‌లో గది, నెలకు 4,500 అద్దె నేనే కడుతున్నాను. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఫోన్‌లో గేమ్ ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నాడట. 340 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారంటున్నాడు. లక్షన్నర పెట్టి కంప్యూటర్ కొనిస్తే ఏడాదిలో తిరిగిస్తానని, డిగ్రీతో పనిలేదని అంటున్నాడు. యూట్యూబ్, ట్విచ్, సొంత యాప్... దేంట్లో ఎక్కువ పైసలొస్తాయి? మెంబర్‌షిప్ రేటు ఎంత పెడితే మంచిది? పోల్చి చెప్పగలరు.

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో ప్లాట్‌ఫామ్‌ల పేర్లున్నాయి, కంప్యూటర్ ధర ఉంది, గది అద్దె ఉంది. మీవాడి ఛానల్ పేరు మాత్రం లేదు. "లైవ్ పెడుతున్నాడట" అని రాశారు. ఆ "ట" దగ్గరే నేను ఆగిపోయాను.

పరకాల నుంచి, జనగామ నుంచి, ములుగు నుంచి ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. గేమ్ బదులు ఒకచోట జానపద పాట ఉంటుంది, ఇంకోచోట వంట ఉంటుంది. అడిగేది రేటు. అడగాలనుకున్నది వేరు: కళ్లముందు లేని పిల్లవాడు చెయ్యి దాటిపోతున్నాడా అని. దానికే ముందు జవాబు చెప్తాను. దాటిపోలేదు. దాటిపోయినవాడు తండ్రి ముందు లక్షన్నర లెక్క పెట్టడు, గుట్టుచప్పుడు కాకుండా ఏ లోన్ యాప్‌లోనో తీసుకుంటాడు. అలాంటి పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ నా ఎదుట కూర్చుని ఏడవడం చూశాను. మీవాడు మిమ్మల్నే అడిగాడు. పైగా రోజూ మూడు గంటలు ఆపకుండా ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడుతున్నాడు. ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కని నా దగ్గరికొచ్చే బీటెక్ పిల్లల్లో చాలామంది, మీ గురించి రెండు నిమిషాలు చెప్పండి అంటే నీళ్లు నములుతారు. కాబట్టి టెన్షన్ కొంచెం తగ్గించుకుని మిగతాది చదవండి.

ఇక రేటు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. యూట్యూబ్‌లో మెంబర్‌షిప్ (చూసేవాళ్లు నెలనెలా కట్టే చందా), సూపర్ చాట్ (లైవ్‌లో డబ్బు కట్టి పెట్టే మెసేజ్) లాంటివి పెట్టుకోవాలంటే కనీసం 500 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. గత 90 రోజుల్లో మూడు వీడియోలు పబ్లిక్‌గా పెట్టి ఉండాలి. గత పన్నెండు నెలల్లో జనం 3,000 గంటలు చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే పొట్టి వీడియోలకు, 30 లక్షల వ్యూస్ రావాలి. ప్రకటనల డబ్బు కావాలంటే ఇంకా పైకి పోవాలి: 1,000 మంది, 4,000 గంటలు. మీవాడు 340 దగ్గర ఉన్నాడు. ఇప్పుడు 29 పెట్టాలా 59 పెట్టాలా అన్న చర్చకు అర్థం లేదు, ఆ బటనే అతనికి ఇంకా రాలేదు.

గంటల లెక్క మాత్రం మీరే వేసుకోవచ్చు. సగటున 12 మంది, మూడు గంటలు, నెలకు 25 రాత్రులు అనుకోండి. 900 గంటలు. అంటే 3,000 దాటడానికి మూడు నెలల పైచిలుకు, 4,000కి నాలుగున్నర నెలలు. అయితే లైవ్ అయిపోయాక ఆ వీడియోను తీసేసినా, ప్రైవేట్ చేసినా ఆ గంటలు లెక్కలోకి రావు. ఆట ఓడిపోయామని నామోషీ పడి పిల్లలు తెల్లారేసరికి వీడియోలు తీసేస్తుంటారు. మీవాడు ఆ పని చేస్తున్నాడేమో అడగండి.

ఆ గీత దాటాడనే అనుకుందాం. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలినవారికి తరుగు గురించి నేను చెప్పేదేముంది? తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, రాసిన ధర వేరు, కోతలన్నీ పోయాక చేతికొచ్చేది వేరు. ఇక్కడా అంతే. నెలకు 59 రూపాయల మెంబర్‌షిప్ పెట్టాడనుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉందనుకుంటే అది పోయి 50 మిగులుతుంది. ఆ 50లో 70 శాతం మీవాడిది, అంటే 35 రూపాయలు. వందమంది మెంబర్లయితే నెలకు 3,500. మీరు కడుతున్న గది అద్దెకు ఇంకా వెయ్యి తక్కువ. రోజూ డజను మంది వచ్చే లైవ్‌కు వందమంది మెంబర్లు ఎక్కణ్నుంచి వస్తారో ఆలోచించండి. సూపర్ చాట్ కూడా అదే 70 శాతం పద్ధతి. ఐఫోన్ యాప్ నుంచి కట్టేవాళ్ల డబ్బులో ఆపిల్ కమీషన్ కూడా పోతుంది.

మామూలు వీడియోల మీదా లైవ్ మీదా వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు వస్తుంది, షార్ట్స్‌లో 45. కానీ వెయ్యి వ్యూస్‌కు ఇంత అని ఖాయమైన రేటు ఏదీ లేదు. ప్రకటనదారుల వేలం మీద నడిచేది అది, దసరా దీపావళికి లేస్తుంది, జనవరిలో కూలబడుతుంది. అదీ ఖాతాలో 100 డాలర్లు జమ అయ్యేదాకా బ్యాంకుకు రాదు. మన తెలుగువాళ్లు అమెరికాలో ఎక్కువ కదా, అక్కడివాళ్లు చూసిన దాని మీద వచ్చిన ఆదాయానికి అక్కడి పన్ను పడుతుంది. అమెరికావాణ్ని కానని చెప్పే డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం సరిగ్గా నింపితే ఆ భాగం మీద 15 శాతం. నింపకపోతే మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా పట్టుకునే అధికారం వాళ్లకుంది. డబ్బు మొదలైన రోజునే ఆ ఫారం నింపించండి, రేపు మాపు అనవద్దు.

ట్విచ్ కూడా గేమ్ లైవ్‌లు నడిచే ప్లాట్‌ఫామే, దాని గురించి ఎక్కువ రాయను. సబ్‌స్క్రిప్షన్‌లో మామూలుగా సగం సగం, బిట్స్ అనే కానుకల్లో ఒక్కోదానికి ఒక అమెరికన్ సెంటు. మన తెలుగు గేమ్ ప్రేక్షకులు ఎక్కువగా యూట్యూబ్‌లోనే ఉన్నారు, జనం లేని సంతలో దుకాణం పెట్టి ఏం లాభం? సొంత యాప్ అయితే ఇంకా దూరం. వీడియో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పోతే ఒక మనిషి గంటసేపు చూడటానికి 900 ఎంబీ. వందమంది రెండు గంటలు చూస్తే 180 జీబీ. చూసినవాళ్లు పైసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ బిల్లు మీకే వస్తుంది. యూట్యూబ్ 30 శాతం ఎందుకు కోస్తుందో అప్పుడు తెలుస్తుంది. సొంత యాప్ కోచింగ్ సెంటర్లకు పనికొస్తుంది, ఎందుకంటే వాళ్లు ఫీజు ముందే కట్టించుకుంటారు. పోలిక ఇంతే. నిజం చెప్పాలంటే ఈ దశలో ఇంతకంటే అవసరం లేదు.

నాకు అసలు అనుమానం ఉన్నది రేట్ల దగ్గర కాదు. ఈ మధ్య హన్మకొండలో ఏ సెమినార్‌కు పోయినా "క్రియేటర్ అవ్వండి" అనే మాట వినబడుతోంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం 2020 గుర్తొస్తుంది. ఆ ఏడాది జూన్ 29న టిక్‌టాక్ సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. సెప్టెంబర్ 2న పబ్జీ వంతు. అదే గేమ్ బీజీఎంఐ పేరుతో 2021 జులైలో వచ్చింది, 2022 జులై చివర్లో స్టోర్ల నుంచి మాయమైంది, మళ్లీ 2023 మేలో తిరిగొచ్చింది. ఆ పది నెలలు ఆ ఒక్క గేమ్‌నే నమ్ముకున్న స్ట్రీమర్లు ఏం తిన్నారో ఎవరూ సెమినార్లలో చెప్పరు. వాన రాకపోతే పంట పోతుందని మీకు తెలుసు. ఇక్కడ వాన కురిసినా, పంట బాగున్నా, ఒక రాత్రి పొలమే కనబడకుండా పోవచ్చు.

నేనేమీ గొప్ప జోస్యం చెప్పేవాణ్ని కాదు. 2019లో నా దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది. టిక్‌టాక్‌లో మంచి పేరు, ఇంట్లో గొడవ. అంతా టైంపాస్ వ్యవహారం, మానెయ్ అన్నాను. యాప్ పోయింది, కాబట్టి నేను గెలిచినట్టే అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ వీడియోలు కత్తిరించి నేర్చుకున్న ఎడిటింగ్‌తోనే ఆమె ఉద్యోగం తెచ్చుకుందని. యాప్ విషయంలో నాది సరైన మాటే, అమ్మాయి విషయంలో తప్పు. అందుకే మీవాణ్ని మానెయ్ అనడం లేదు.

మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ పెట్టిన లంబాడిపల్లివాళ్లు ఎదగలేదా అని మీవాడు అడుగుతాడు, అందరూ అడుగుతారు. ఎదిగారు. ఆ ఛానల్ 2012లో మొదలైంది, వెనక ఒక బృందం ఉంది, రాసుకుని, తీసి, కోసి పెట్టిన పని అది. అన్నేళ్ల ఓపిక ఉందా అని అతన్నే అడగండి, ఏడాదిలో తిరిగిస్తానన్న మాట పక్కన పెట్టి.

ఆ మాటే నన్ను భయపెడుతోంది. కోప్పడకండి, మిమ్మల్ని కాస్త గట్టిగానే అనాల్సి వస్తోంది. మిర్చి అమ్మిన డబ్బు తీసి లక్షన్నర చేతిలో పెడితే మీరు కొడుక్కి సాయం చేశామనుకుంటారు. పిల్లవాడు మాత్రం దాన్ని అప్పు అనుకుంటాడు. ఆరు నెలలు గడుస్తాయి, వచ్చేది నెలకు వెయ్యో రెండు వేలో. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ "ఎంతొచ్చింది బిడ్డా" అంటారు. అడగననకండి, అడుగుతారు. సరిగ్గా అప్పుడే టెలిగ్రామ్‌లో ఒక మెసేజ్ వస్తుంది: మా గేమ్ యాప్ లింకు లైవ్ కింద పెట్టు, వారానికి ఇంత ఇస్తాం. చిన్న ఛానళ్లనే వాళ్లు వెతుక్కుంటారు, అవసరంలో ఉన్నవాళ్లు చవగ్గా దొరుకుతారని. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఇలాంటి ఆటలకు ప్రకటన చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ లింకు పెట్టడానికి దురాశే కారణం కానక్కర్లేదు, తండ్రి ముందు మాట పోతుందన్న భయం చాలు.

అందుకని కంప్యూటర్ ఇప్పుడు కొనవద్దు. ఫోన్‌లో ఆడే గేమ్‌కు ఫోన్ నుంచే లైవ్ పోతోంది కదా. తప్పదనుకుంటే మంచి మైకు ఒకటి, గదికి అప్‌లోడ్ స్పీడ్ సరిగ్గా ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ పెట్టించండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, గొంతు గరగరలాడితే పోతారు. ఇచ్చే ఆ కాస్త డబ్బు తిరిగి అడగనని నోటితో చెప్పండి.

డిగ్రీ మానడం గురించి చర్చే వద్దు. రెండో ఏడాదిలో ఉన్నాడు, సగం దారి అయిపోయింది. లైవ్ పన్నెండింటి దాకా కాకుండా పదకొండుకు ఆపమనండి, వారానికి ఏడు రోజులు కాకుండా నాలుగు రోజులు, ఒకే సమయానికి. చూసేవాళ్లకు కూడా అదే నయం, ఏ రోజు రావాలో తెలుస్తుంది.

ఈ పనిలో వరంగల్‌లోనే నెలనెలా డబ్బు వచ్చే దారి ఒకటుంది, దాన్ని ఎవరూ కెరీర్ అనుకోవడం లేదు. ఇప్పుడు మన దగ్గర పెళ్లి లైవ్ లేకుండా జరుగుతోందా? అమెరికాలో ఉన్న మేనమామ చూడాలి కదా. పెళ్లిళ్లు, చర్చి సభలు, భజనలు, ఊళ్లలో కబడ్డీ పోటీలు అన్నీ లైవ్ అవుతున్నాయి. అక్కడ సూపర్ చాట్ కోసం ఎదురుచూసే పని లేదు, కార్యక్రమానికి ఇంత అని ముందే మాట్లాడుకుని అడ్వాన్స్ తీసుకుంటారు. రెండు మూడు కెమెరాలు కలిపి స్విచ్ చేయడం, మైకు సౌండ్ సరిచూడటం, నెట్ పోతే రెండో సిమ్‌కు మార్చడం వచ్చినవాడు కావాలి. లైవ్ నడపడానికి వాడే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, కాలేజీ ల్యాబ్‌లోనో స్నేహితుడి ల్యాప్‌టాప్‌లోనో నేర్చుకోవచ్చు. హన్మకొండలో ఏ ఫోటో స్టూడియోకైనా వచ్చే పెళ్లిళ్ల సీజన్‌లో సహాయకుడిగా పోనివ్వండి. కంప్యూటర్ డబ్బు అక్కడ సంపాదించుకుంటే దాన్ని ఎంతకు కొనాలో కూడా అతనికే తెలుస్తుంది.

చివరిగా మీకో పని. ఈ శనివారం హన్మకొండ పోయి ఆ రాత్రి గదిలోనే ఉండండి. లైవ్ మొదలయ్యాక పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడండి. అయిపోయాక ఛానల్ లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియో తెరిచి సగటున ఎంతమంది ఉన్నారో, తిరిగి తిరిగి వచ్చేవాళ్లు ఎంతమందో చూపించమనండి. రోజూ వచ్చే ఆ పదిమంది పేర్లు అతనికి తెలిసుంటాయి, ఎవరెవరో అడగండి. మీవాడు అప్పుడు ఎలా మాట్లాడతాడో నాకు రాయండి. ఈసారి ఛానల్ పేరు కూడా రాయండి, నేనూ చూస్తాను.