తక్కువ బడ్జెట్‌లో కారా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి

సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటున్నారా? బడ్జెట్ తక్కువ, రోజూ ఆఫీసుకి తిరగాలి, దార్లో ఆగిపోకూడదు అంటారా? అయితే మెరిసే పెద్ద కార్ల జోలికి పోకండి. పాత ఖరీదైన కారు చవగ్గానే దొరుకుతుంది, దాని విడిభాగాలు మాత్రం చవగ్గా దొరకవు. ఏ మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పగలిగే చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లది వెతకండి.

చూడ్డానికి వెళ్లేముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలిందంటే, లోపాలు కనబడకుండా ముందే వేడి చేశారేమోనని నాకైతే అనుమానమే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే. ఇంజన్ ఆయిల్ పోసే చోట మూత విప్పి చూడండి. లోపల పాలు కలిపిన కాఫీలా జిగురుంటే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు, ఆ కారు వదిలేయండి. టైర్లు ఎంత పాతవో కూడా చూడండి. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. మీటరేమో తిరిగిన కిలోమీటర్లు తక్కువ చూపిస్తూ, పెడల్ రబ్బర్లు అరిగి నున్నగా ఉంటే మీటరుని నమ్మొద్దు.

ఉన్న డబ్బంతా కారుకే పెట్టేయకండి. పదో వంతైనా పక్కన ఉంచితే ఆయిల్, బ్రేకులు, బ్యాటరీ పనులకి పనికొస్తుంది. కారు నచ్చాక మీ మెకానిక్‌కి చూపించండి, అమ్మేవాళ్ల మెకానిక్‌కి కాదు.