హార్మోన్ మాత్రలతో సీఆర్‌పీ పెరిగితే ఒంట్లో వాపు ఉన్నట్టేనా?

నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు మొదలుపెట్టిన మీ అమ్మగారికి, ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) సూచించే రక్తంలోని ప్రోటీన్ అయిన సీఆర్‌పీ పెరిగిందని, గుంటూరు కొత్తపేట ల్యాబ్ రిపోర్టు చూసి టెన్షన్ పడుతున్నామని అడిగారు.

చాలావరకు అది కాలేయం చేసే పని. మాత్రగా మింగిన ఈస్ట్రోజెన్ హార్మోన్ పేగుల నుంచి ముందు కాలేయానికే చేరుతుంది. సీఆర్‌పీ తయారయ్యేదీ అక్కడే! వాపును రగిలించే ఐఎల్-6 అనే ప్రోటీన్ మాత్రం సాధారణంగా దాంతోపాటు పెరగదు. చర్మానికి అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ నేరుగా రక్తంలో కలుస్తాయి కాబట్టి సీఆర్‌పీ పెద్దగా కదలదు.

అలాగని మాత్రను తేలిగ్గా తీసుకోకండి, దానితో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. చిగుళ్ల వాపు, జలుబు ఉన్నా సీఆర్‌పీ పెరుగుతుంది, అదీ చూసుకోండి. మందు సొంతంగా ఆపకుండా, ప్యాచ్ సరిపోతుందేమో గైనకాలజిస్టును అడగండి.