బ్లాక్స్‌హాల్ రాయి నిజంగా పెరుగుతోందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాడు. మేము చూడడానికి వెళ్ళినప్పుడు బ్లాక్స్‌హాల్ అనే పల్లెలో ఒక పెద్ద రాయి దగ్గరకు తీసుకువెళ్ళి, "ఇది పెరుగుతోందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారమ్మా" అన్నాడు. నాకు వెంటనే యాగంటి బసవన్న గుర్తుకు వచ్చాడు. ఆ రాయి చరిత్ర ఏమిటి? రాళ్ళు నిజంగా పెరుగుతాయా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: రాయి పెరగదు. బొర్రా గుహల్లో సున్నపు నీరు చుక్కచుక్కగా కారి స్తంభాలు పెరిగిన మాట నిజమే కాని, అది పైనుంచి పేరుకున్న పూత. ఆరుబయట పడివున్న బండకు ఆ యోగం లేదు. అయితే ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే బ్లాక్స్‌హాల్ వారికి అన్యాయం చేసినట్టవుతుంది, ఎందుకంటే వారి కథలో తప్పు ఎంత ఉందో కళ్ళారా చూసిన నిజమూ అంతే ఉంది.

మీరు చూసిన రాయి బరువు సుమారు 5 టన్నులు. అది ఉన్న కమతానికి పేరే స్టోన్ ఫార్మ్, అంటే రాతి కమతం. 19వ శతాబ్దంలో పొలం దున్నుతుండగా నాగలికి తగిలి బయటపడినప్పుడు అది రెండు పిడికిళ్ళంత మాత్రమే ఉండేదనీ, తెచ్చి దొడ్లో పడేస్తే అక్కడే పెరిగి ఇంతయిందనీ ఊరివారి కథనం. ఆ ఊళ్ళో కాపురముండి, ముసలి రైతుకూలీల జ్ఞాపకాలను వారి నోటనే విని రాసుకున్న జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్ 1956లో వెలువరించిన పుస్తకం వల్ల బ్లాక్స్‌హాల్ పేరు జానపద చరిత్ర చదివేవారందరికీ పరిచయమైంది.

ఈ నమ్మకం ఒక్క రాయికి పరిమితమైనది కాదు. ఇంగ్లండు తూర్పు ప్రాంతాల్లో రాళ్ళు పొలంలోనే పుట్టి పెరుగుతాయని పూర్వం రైతులు అనుకునేవారు. గులకరాళ్ళు ముద్దగా అతుక్కుపోయిన ఒక జాతి బండను, చిన్న రాళ్ళను అదే కంటుందన్న భావంతో, తల్లిరాయి అని పిలిచేవారు. ఆడవారూ పిల్లలూ కూలికి వెళ్ళి చేనంతా రాళ్ళేరి శుభ్రం చేస్తే, మరుసటి ఏటికి మళ్ళీ రాళ్ళు కనిపించేవి. ఏరినవారి కళ్ళు అబద్ధం చెప్పలేదు. చలికాలంలో నేలలోని తేమ గడ్డకడుతుంది. నీరు మంచుగా మారినప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది కనుక, రాతి కింద పేరుకున్న మంచు ఆ రాతిని కొద్దిగా పైకి నెడుతుంది. మంచు కరిగేటప్పుడు ఆ ఖాళీలోకి మెత్తటి మట్టి జారి, రాయి మళ్ళీ తన పాత చోటికి దిగకుండా అడ్డుపడుతుంది. ఏటా ఇదే జరిగితే లోపలి రాయి పైకి తేలక తప్పదు. పైమట్టి దుక్కికీ వానకూ కొట్టుకుపోవడం ఇందుకు తోడవుతుంది. నిన్న వేలెడంత కనిపించిన బండ పదేళ్ళకు జానెడు కనిపిస్తే పెరిగిందనడంలో వింతేముంది?

మరి అంత పెద్ద బండ ఆ నేలలోకి ఎలా చేరింది? ఈ సంగతి మన గోదావరి డెల్టావారికి తక్కినవారికంటే తొందరగా అర్థమవుతుందని నా అభిప్రాయం. సఫోక్‌లో ఇళ్ళు కట్టుకోవడానికి పనికివచ్చే రాయి దాదాపు లేదు. ఉన్నదల్లా బంకమన్ను, ఇసుక, సుద్ద, చెకుముకి రాళ్ళు. అక్కడి పాత చర్చిల గోడలు చాలావరకు చెకుముకి రాళ్ళతో కట్టినవే. మన కోనసీమలోనూ అంతే. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టీ ఇసుకా తప్ప బండ తగలదు. రుబ్బురోలు, తిరగలి, బట్టలుతికే బండ, రేవు మెట్టు, గుడి ధ్వజస్తంభం కింది పీఠం, అన్నీ ఎక్కడో ఒక కొండ నుంచి వచ్చినవే. 1847 నుంచి 1852 వరకు సాగిన ఆనకట్ట పనికి ధవళేశ్వరాన్ని కాటన్ దొర ఎంచుకోవడానికి అక్కడి కొండరాయి దగ్గరలో దొరకడం కూడా ఒక కారణం. రాయి లేని సీమలో రాయి కనిపిస్తే, "ఇది ఎక్కడిది?" అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. మన రాళ్ళను తెచ్చిన మనుషులు మనకు తెలుసు. బ్లాక్స్‌హాల్ రాతిని తెచ్చినవారెవరో అక్కడివారికి తెలియలేదు.

తెచ్చింది మంచు. సుమారు 4,50,000 సంవత్సరాల క్రితం ఉత్తరం నుంచి కదిలివచ్చిన హిమానీనదాలు సఫోక్‌ను కప్పివేసి, దారిలో పెకలించిన బండలను ఈడ్చుకొచ్చి, కరిగిపోతూ బంకమట్టిలో వదిలివెళ్ళాయి. ఇలాంటివాటిని భూవిజ్ఞానులు దారి తప్పిన రాళ్ళంటారు. పండితులకైనా ఈ సంగతి చాలాకాలం తెలియదు. 1820లలో విలియం బక్‌లాండ్ వంటి పేరున్న శాస్త్రవేత్త కూడా ఇటువంటి నిక్షేపాలు బైబిల్లోని జలప్రళయం తెచ్చిపెట్టినవేనని వాదించాడు. లూయీ అగస్సీ 1840లో బ్రిటన్‌కు వచ్చి మంచుయుగం సిద్ధాంతాన్ని వినిపించిన తరవాతనే బక్‌లాండ్ తన మాట మార్చుకున్నాడు. ఆ కాలపు రైతుకూలీ రాయి పెరిగిందనుకోవడం దానికంటే పెద్ద పొరపాటేమీ కాదు.

యాగంటి మాటకు వస్తే, అక్కడి బసవన్న చుట్టూ ఒకప్పుడు ప్రదక్షిణ చేసే వీలుండేదనీ ఇప్పుడు చోటు చాలదనీ భక్తులు చెబుతారు. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడన్న మాట వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంగా ప్రచారంలో ఉంది. మీకు మరింత దగ్గరి ఉదాహరణ పంచారామాలు. తారకాసురుని కంఠంలోని శివలింగం ఐదు ముక్కలైనప్పుడు అవి పెరిగి మళ్ళీ ఒకటి కావాలని చూశాయనీ, పెరగకముందే వాటిని ప్రతిష్ఠించారనీ స్థలపురాణం. ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు మన డెల్టా చుట్టుపక్కలవే కదా! ఐదోదైన అమరావతిలో, పెరుగుతున్న లింగం తలమీద మేకు కొట్టి ఆపారని కూడా చెప్పుకుంటారు. అయితే ఒక తేడా గమనించండి: మన పెరిగే రాయి దేవుడు, పెరగడం అతని మహిమ, బ్లాక్స్‌హాల్ రాయికి పూజ లేదు, పురాణం లేదు, పొలంలో దుంప ఊరినట్టు ఊరిందంతే.

ప్రశ్న: ఇంగ్లండులో మనుషులు నిలబెట్టిన ప్రాచీన శిలల గురించి కూడా ఇటువంటి కథలున్నాయా?
– ఒక ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: చాలా ఉన్నాయి, ఒక్కటి చెబుతాను. యార్క్‌షైర్ తూర్పు భాగంలోని రడ్‌స్టన్ గ్రామంలో, చర్చి ఆవరణలోనే, సమాధుల మధ్య 7.6 మీటర్ల ఎత్తున ఒక శిల నిలబడి ఉంది. బ్రిటన్ నిలువు శిలలన్నింటిలో ఎత్తయినది అదే. ఆ జాతి రాయి దొరికే అతి దగ్గరి చోటు సుమారు 16 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న సముద్రతీరం. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన కాలంలో మనుషులే దానిని అక్కడి నుంచి లాక్కొచ్చి ఉంటారని పురావస్తు పరిశోధకుల అంచనా. ఊరివారి కథ మాత్రం వేరు: చర్చి కట్టడం చూసి ఓర్వలేక సైతాను దానిమీదకు ఈ రాతిని విసిరాడట, గురి తప్పిందట. నిజానికి శిల నిలిచిన వేల ఏళ్ళకు గాని అక్కడ చర్చి రాలేదు. క్రైస్తవులు ఆ శిలను పడగొట్టకుండా దాని పక్కనే తమ గుడి కట్టుకున్నారు. ఊరి పేరుకు సిలువరాయి అన్న అర్థం చెబుతారు కనుక, ఒకప్పుడు శిల మీద సిలువ కూడా ఉండేదేమోనని ఊహ. మన ఊళ్ళలో ఆదిమకాలపు రాతి సమాధులను రాకాసి గుళ్ళనీ పాండవ గుళ్ళనీ పిలవడం మీకు తెలిసే ఉంటుంది. మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదనుకున్నప్పుడు అక్కడివారు సైతానుకు అప్పగించారు, మనవారు రాక్షసులకూ భీముడికీ పంచిపెట్టారు.