క్రిస్మస్ తాత పేరుతో ఉత్తరం రాయబోయే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

ప్రభువు నామమున మీ ఇంటిల్లిపాదికీ శుభములు. ఈ డిసెంబరు నుంచి మీ బాబుకు క్రిస్మస్ తాత పేరుతో ఏటా ఒక ఉత్తరం రాయాలని ఉన్నదనీ, ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదనీ నీవు రాసిన జాబు అందింది. ఈ పనిలో నాకు గురువు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు, పిల్లల కోసం ‘ది హాబిట్’ రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న రోజుల్లో ఆయన పద్ధతినే పట్టుకొని నేనూ రాశాను కనుక, ఆయన ఇంట ఈ ఆనవాయితీ ఎలా నడిచిందో చెబుతూ, చేతికి వచ్చిన మెలకువలు కొన్ని నీకు అందిస్తాను.

ఆయన తొలి ఉత్తరం 1920 డిసెంబరు నాటిది. అప్పటికి పెద్దకొడుకు జాన్‌కు మూడేళ్లు. క్రిస్మస్ తాత ఎలా ఉంటాడు, ఎక్కడ ఉంటాడు అని ఆ పిల్లవాడు తండ్రిని అడిగాడు. దానికి జవాబుగా, ఉత్తర ధ్రువం నుంచి తాతే స్వయంగా తన బొమ్మా తన ఇంటి బొమ్మా గీసి పంపినట్లుగా టోల్కీన్ కొద్ది మాటల్లో రాసి ముగించారు. కనుక మొదటి ఏడు నీవు పెద్ద కథ ఏదీ తలపెట్టవద్దు. మీ వాడు ఈ మధ్య ఏమి అడిగాడో గుర్తు తెచ్చుకొని, దానికి మాత్రమే జవాబు రాయి. పిల్లవాడి ప్రశ్న లేకుండా మొదలైన ఉత్తరం ఎంత ముద్దుగా ఉన్నా శుభాకాంక్షల కార్డులాగే తోస్తుంది.

ఆ తర్వాత చూసుకోవలసినది దస్తూరి. బడి డైరీలో నీ చేతిరాతను రోజూ చూసే పిల్లవాడు దాన్ని ఇట్టే పోల్చుకుంటాడు. టోల్కీన్ ఈ చిక్కును చాలా అందంగా విడదీశారు. తాత వందల ఏళ్ల ముసలివాడు, పైగా ఉండేది మంచులో, కాబట్టి ఆయన అక్షరాలు వణుకుతాయి. ఆయనకు సాయంగా ఉండే ధ్రువపు ఎలుగుబంటి లావు పంజాతో, మొద్దు అక్షరాలతో, స్పెల్లింగు తప్పులతో అంచుల్లో తగవులాడుతూ రాస్తాడు. కొన్నేళ్ల తర్వాత తాతకు గుమాస్తాగా వచ్చిన ఎల్ఫ్‌ది (పాశ్చాత్య కథల్లోని మాయాజీవి) సన్నని, వాలుగా సాగే రాత. తాత రాతకు నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, కలాన్ని పై కొస దగ్గర పట్టుకొని నెమ్మదిగా రాయడం. అప్పుడు సున్నాలూ దీర్ఘాలూ వాటంతట అవే వణుకుతాయి. ఎడమచేత్తో రాయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు గానీ, అర పేజీ దాటేసరికి ఓపిక పోతుంది. ఇక ఎలుగుబంటి సంగతి. మన అక్షరాలు గుండ్రనివి కనుక ఇంగ్లీషులోలాగా కోణాలు తీస్తే చదవడానికి రావు. లావుపాటి స్కెచ్ పెన్నుతో తలకట్లు ఎగరగొట్టి, ఒత్తులు మింగేసి రాస్తే చాలు, పంజా రాత దిగిపోతుంది. తెలుగు మాస్టారుగా బతికిన నేనే ఈ మాట చెబుతున్నానని నవ్వుకోకు. ఎలుగుబంటి తప్పులను పట్టుకోవాలన్న సరదాతోనే మా చిన్నవాడికి ఒత్తులు పట్టుబడ్డాయి.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ఆ ఉత్తరాలలో తాత సర్వశక్తిమంతుడు కాడు, ఏటా ఏదో ఒక ఆపదలో చిక్కుకుంటాడు. ఆ కథల్లో ఉత్తర ధ్రువమంటే నిజంగానే నిలువెత్తు స్తంభం; 1925 నాటి ఉత్తరంలో గాలికి ఎగిరిపోయిన తాత టోపీని తెస్తానని ఎలుగుబంటి దాని కొస మీదికి ఎక్కగా, అది విరిగి ఇంటికప్పు మీద పడుతుంది. మంచు కరిగి నేలమాళిగలోకి కారి కొన్ని కానుకలు పాడైపోతాయి. తాత ఇల్లే మారవలసి వస్తుంది. మరుసటి ఏడు అదే ఎలుగుబంటి ధ్రువకాంతుల (ధ్రువం దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగుల) కుళాయి తిప్పి, రెండేళ్లకు సరిపడా వెలుగును ఒక్కసారిగా ఆకాశంలోకి వదిలేస్తాడు. నవ్వించడం ఒక్కటే ఇందులోని ప్రయోజనం కాదు. కానుకలు తగ్గిన ఏట పిల్లలు తమను తాము నిందించుకోకుండా, తండ్రి జేబు సంగతి వాళ్లదాకా రాకుండా ఈ ఆపదలు అడ్డు నిలుస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిన ఏళ్లలో కూడా సరుకుల కొరతను ఆ తాత దాచలేదు; లోకమంతటా ఇబ్బందులే అని ముసలివాని మాటగా చెప్పాడు. మీ ఇంట చేతులు కట్టేసినట్టున్న ఏడు వస్తే నీవూ అలాగే చెయ్యి. ఒక్క షరతు: “అన్నం తినకపోతే బొమ్మ ఇవ్వను” వంటి బెదిరింపు ఆ ఉత్తరంలో ఎన్నడూ రానివ్వకు. బెదిరించడానికి ఇంట్లో మనం చాలమూ?

ఉత్తరం చేరే తీరు కూడా అందులో భాగమే. టోల్కీన్ ఉత్తర ధ్రువపు స్టాంపులను తానే రంగులతో చిత్రించి, ఒకదాని మీద వెల ‘రెండు ముద్దులు’ అని రాశారు. మొదట్లో ఉత్తరాన్ని పొయ్యిగూటి దగ్గర పెట్టి, తివాచీ మీద మంచు అడుగులు పడినట్లు చేసేవారు. తర్వాత పోస్టుమ్యాను మనిషినే మచ్చిక చేసుకొని అతని చేత ఇప్పించేవారు. మన ఇళ్లలో పొయ్యిగూడూ లేదు, మంచూ లేదు. అయితే అరిసెలకు దంపించిన తడి బియ్యప్పిండి ఆ రోజుల్లో ఇంట్లో ఎలాగూ ఉంటుంది. దాన్ని కాస్త ఆరబెట్టి, పాత బూటు అడుగుకు అద్ది గుమ్మం నుంచి మంచం దాకా నాలుగు అడుగులు వేస్తే తెల్లవారేసరికి పిల్లవాడి కళ్లు చెదురుతాయి. చీమలు పట్టకముందే ఊడ్చేయాలి సుమా. గీసిన స్టాంపుతో కవరును పెట్టెలో వేయకు, తపాలావారు ఒప్పుకోరు. పోస్టుమ్యానుకో పేపరు వేసే అబ్బాయికో ముందుగా చెప్పి చేతికి ఇప్పించు.

తాతను గుంటూరుకు కాపురం తేవద్దు. ఆయన ధ్రువంలోనే ఉండాలి. మన ఇంటిని మాత్రం అక్కడి నుంచి చూస్తూ ఉండాలి. డాబా మీద వేలాడదీసిన కాగితపు నక్షత్రం చిరిగిందనో, క్యారల్ రౌండుకు, అంటే ఇంటింటా క్రిస్మస్ పాటలు పాడడానికి, వచ్చినవాళ్ల కోసం ఉంచిన గవ్వలను మీ వాడు ముందే తినేశాడనో ఒక్క వాక్యం కనిపిస్తే, ఇది ఎవరికో రాసి తనకు పంపినది కాదని పిల్లవాడికి తెలుస్తుంది.

పిల్లలు పెరుగుతారు. టోల్కీన్ నలుగురు పిల్లలలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే జాబితా నుంచి తప్పుకోగా, 1943 నాటి చివరి ఉత్తరం పద్నాలుగేళ్ల ప్రిసిల్లా ఒక్కతెకే వచ్చింది. అందులో తాత తానే వీడ్కోలు చెప్పాడు. మీ వాడు పెద్దవాడై నిజం కనిపెట్టిన నాడు నీవు బుకాయించకు; తమ్ముడో చెల్లెలో ఉంటే ఎలుగుబంటి మాటలు రాసే పని వాడికే అప్పగించు.

ప్రతి ఉత్తరం మీదా సంవత్సరం వేయి. ఆయన ఉత్తరాలు 1976లో పుస్తకంగా రాగలిగాయంటే ఆ ఇంటివారు వాటిని భద్రపరచినందువల్లనే. ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మధ్యలో రెండు కలరా ఉండలు వేసి బీరువాలో ఉంచు, వెండిపురుగు చేరదు.

డిసెంబరు రెండవ వారంలోగా రాయడం ముగించు. ఆ తర్వాత పిండివంటలూ కొత్త బట్టలూ క్యారల్ రౌండ్లూ మొదలైతే కలం పట్టే తీరిక దొరకదు. మీ బాబు ఏమి అడిగాడో తిరుగు టపాలో తెలియజేస్తే, ఎలుగుబంటి మాటలు రెండు నేనే రాసి పంపుతాను. నా రాత వాడు ఎన్నడూ చూడలేదు కదా.

ఇట్లు,
నీ పెదనాన్న