కాలనీకి ఒక్కటే పబ్బు: అది ఎలా వచ్చింది, ఎందుకు పోయింది

ప్రశ్న: మేము ఇంగ్లాండులో ఒక నగర శివారున, రెండో ప్రపంచ యుద్ధం తరువాత కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) కట్టించిన ఇళ్ళ కాలనీలో ఉంటున్నాము. మా వీధి చివర ఉన్న పబ్బు మూతపడింది. ఆ తరువాత దానిని కూల్చి ఫ్లాట్లు కట్టారు. ఇరుగుపొరుగున ఉన్న పెద్దవాళ్ళు సొంత మనిషి పోయినట్లు దాని గురించి చెప్పుకుంటున్నారు. మద్యం అమ్మే ఒక చోటుకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఇంగ్లాండు

జవాబు: ఉంటుంది. మీ పొరుగువారి మాటల్లో అతిశయోక్తి లేదు. శివారు కాలనీలోని పబ్బు నలుగురు తాగేవాళ్ళు చేరినందువల్ల తనంతట తాను వెలసిన దుకాణం కాదు. ఇళ్ళ వరసలతో, బడితో, చర్చితో పాటు దానికి కూడా పటం మీద చోటు గుర్తించేవారు. చాలాచోట్ల ఒక్కదానికే, అది కూడా ఎంతో అయిష్టంగా, అనుమతి ఇచ్చారు. దాని చరిత్రకూ, అది పోయినప్పుడు కలిగే లోటుకూ మూలం ఆ ఒక్కటే కావడంలోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 నాటి గృహనిర్మాణ చట్టం ఆసరాతో నగర కౌన్సిళ్ళు మురికివాడల్లోని కార్మిక కుటుంబాల కోసం శివార్లలో పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాయి. లండన్ కౌంటీ కౌన్సిల్ 1921లో మొదలుపెట్టిన బెకన్‌ట్రీ కాలనీ ఒక్కదానిలోనే సుమారు 26,000 ఇళ్ళు లేచాయి. ఇన్ని ఇళ్ళు కట్టించిన అధికారులకు పబ్బులకు అనుమతి ఇవ్వడానికి మాత్రం చేయి రాలేదు. పాత పేటల్లో అడుగడుగునా ఉన్న ఇరుకు పబ్బులే పేదల ఇళ్ళను గుల్ల చేస్తున్నాయన్న అభిప్రాయం ఆనాడు బలంగా ఉండేది. బర్మింగ్‌హామ్‌లో లైసెన్సులిచ్చే మేజిస్ట్రేట్లు, శివారులో కొత్త పబ్బు కావాలంటే నగరం నడుమ ఉన్న పాత పబ్బుల లైసెన్సులను వదులుకోవాలని బీరు కంపెనీలకు షరతు పెట్టేవారు. సంఖ్య తగ్గాలి, ఉన్నవి మెరుగ్గా ఉండాలి అన్నది వారి విధానం.

అందువల్లనే ఆ కాలపు శివారు పబ్బులు అంత విశాలంగా ఉంటాయి. నిలబడి గుటగుటా తాగి పోయే పద్ధతి మాన్పించి, కూర్చునేందుకు కుర్చీలు, భోజనం, తోట, సమావేశ మందిరం ఏర్పాటు చేస్తే భార్యాబిడ్డలతో కలిసి వచ్చినవాళ్ళు మితంగా తాగుతారని సంస్కర్తలు ఆశించారు. బర్మింగ్‌హామ్ శివారైన నార్త్‌ఫీల్డ్‌లో 1929లో కట్టిన బ్లాక్ హార్స్ అనే పబ్బు, చెక్క దూలాలు బయటికి కనిపించే గోడలతో జమీందారు భవంతిలా ఉంటుంది. లండన్ కౌంటీ కౌన్సిల్ వారి డౌనమ్ కాలనీలో 1930లో తెరిచిన డౌనమ్ టావెర్న్ ఆనాటి పబ్బులలోకెల్లా పెద్దవాటిలో ఒకటని పేరుపొందింది. వేలాది కుటుంబాలకు అదొక్కటే దిక్కు కనుక అంత పెద్దగా కట్టవలసి వచ్చింది. 1990లలో దానినీ కూల్చివేశారు. ఆ స్థలంలో సూపర్‌మార్కెట్ వచ్చింది.

మీ కాలనీ పబ్బు రెండో తరానికి చెందినది. యుద్ధానంతరం సిమెంటుకు, ఇటుకకు కరువు ఏర్పడి, కట్టడాలపై నియంత్రణ 1954 దాకా కొనసాగింది కనుక ఇళ్ళు ముందు లేచి, పబ్బులు చాలాకాలానికి వచ్చాయి. కొత్తగా నిర్మిస్తున్న పట్టణాల్లో పబ్బులను ప్రభుత్వమే నడపాలని లేబర్ ప్రభుత్వం 1949లో చట్టం చేసింది. తరువాత వచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వం 1952లో దానిని తొలగించి ఆ అవకాశాన్ని తిరిగి బీరు కంపెనీలకే అప్పగించింది. అప్పుడు వెలసిన పబ్బులకు ముందుతరం వాటి ఆడంబరం లేదు. ఇటుక గోడలు, పెద్ద కిటికీలు, చాలావాటికి చదును కప్పు, పైఅంతస్తులో నిర్వాహకుడి కాపురం, చుట్టూ కార్లకు స్థలం: అంతే. అలా కొత్తగా నిర్మించిన హార్లో పట్టణంలో మాత్రం పబ్బులకు సీతాకోకచిలుకల పేర్లు, చిమ్మటల పేర్లు పెట్టారు. కొత్త ఊరికి ఒక ముచ్చట కల్పించాలన్న ఆ ఆలోచన నాకెంతో ఇష్టం.

లోపల సాధారణంగా రెండు గదులుండేవి. పబ్లిక్ బార్‌లో నున్నని గచ్చు నేల, చిన్న బాణాలు విసిరే డార్ట్స్ ఆట పలక, డామినోలు. పని బట్టలతోనే వచ్చి కూర్చోవచ్చు. లాంజ్‌లో తివాచీ, మెత్తని కుర్చీలు; అక్కడ అదే బీరుకు కాస్త ఎక్కువ ధర. వీటికి తోడు చాలావాటిలో ఉన్న పెద్ద హాలే మీ పొరుగువారి జ్ఞాపకాలకు అసలు నెలవై ఉంటుంది. పెళ్ళి విందు, అంత్యక్రియల తరువాత బంధువులు కలిసి కూర్చోవడం, అద్దెదారుల సంఘం సమావేశం, ఆదివారం ఫుట్‌బాల్ జట్టు లెక్కలు, పింఛనుదారుల భోజనం అన్నీ అందులోనే జరిగేవి. కాలనీలో మరో హాలు లేనప్పుడు పబ్బు పోవడమంటే ఇవన్నీ ఒక్కసారిగా నిలువ నీడ కోల్పోవడమే.

ప్రశ్న: జనం తాగడం తగ్గించారు కనుకనే పబ్బులు మూతపడ్డాయని మావారు అంటారు. అది నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజమే. సూపర్‌మార్కెట్లలో బీరు చవకగా దొరకసాగింది. 2007 జులై 1 నుంచి ఇంగ్లాండులో పబ్బుల లోపల పొగ తాగడాన్ని నిషేధించారు. 2008 నుంచి 2013 దాకా బీరు పన్నును ఏటేటా ద్రవ్యోల్బణాన్ని మించి పెంచారు. అంతకు ముందే, 1980లలో కర్మాగారాలు మూతపడడంతో ఎన్నో కౌన్సిల్ కాలనీలలో జీతం రోజు అన్నదే లేకుండా పోయింది. బ్రిటన్‌లో 2000లో 60,000కు పైగా ఉన్న పబ్బులు 2018 నాటికి 48,000 లోపుకు దిగాయి.

కానీ అసలు దెబ్బ యాజమాన్యం మారడంతో తగిలిందని నేను భావిస్తున్నాను. అప్పటిదాకా ఆరు పెద్ద బీరు కంపెనీలు వేలాది పబ్బులను సొంతం చేసుకుని, వాటిలో తమ బీరునే అమ్మించేవి. 2,000కు మించి పబ్బులున్న కంపెనీలు, ఆ మించినవాటిలో సగాన్ని 1992 నవంబరుకల్లా అమ్మివేయాలని లేదా తమ బీరే అమ్మాలన్న కట్టుబాటు నుంచి విడిపించాలని ప్రభుత్వం 1989లో ఆదేశించింది. పోటీ పెంచడం దాని ఉద్దేశం. జరిగింది వేరు: అప్పులు తెచ్చి పబ్బులను గుంపులుగా కొన్న ఆస్తి కంపెనీలు రంగంలోకి దిగాయి. బీరు కాచే కంపెనీకి పబ్బు తన సరుకు అమ్ముడయ్యే చోటు కనుక లాభం తక్కువైనా దానిని నిలబెట్టుకునేది. ఆస్తి కంపెనీకి అది అద్దె తెచ్చే స్థలం. అద్దె కన్నా అమ్మకం ఎక్కువ ఇస్తే అమ్మవలసిన స్థలం. సంస్కర్తలు విశాలంగా ఉండాలని కేటాయించిన ఆ తోట, ఆ కార్ల ఆవరణే చివరికి ఇళ్ళు కట్టేవారికి ఆకర్షణ అయింది.

చట్టం కూడా అడ్డుపడలేదు. ఇంగ్లాండులో 2017 మే 23 దాకా పబ్బును దుకాణంగా మార్చడానికి సాధారణంగా ప్రణాళికా అనుమతి అక్కరలేదు. కూల్చడానికి కూడా పూర్తి దరఖాస్తు అక్కరలేదు. కాలనీ వాళ్ళు అభ్యంతరం చెప్పే వేదికే ఉండేది కాదు. పైగా చదును కప్పు పబ్బులు గొడవలకు నిలయాలన్న చిన్నచూపు ఒకటి దేశమంతా ఉంది. అన్యాయమైన ఆ ముద్ర వల్ల పల్లెటూరి పాత పబ్బు మూతపడితే బాధపడేవారు కూడా వీటిని పట్టించుకోలేదు. రెండు యుద్ధాల నడుమ కట్టిన 21 పబ్బులకు 2015లో వారసత్వ రక్షణ లభించింది. యుద్ధానంతరపు పబ్బులు కొన్నింటికి ఆ గుర్తింపు 2018లో గాని రాలేదు. వాటిలో ఒకటి స్విండన్ శివారు కాలనీలో నత్తగుల్ల ఆకారంలో కట్టిన క్రంపుల్డ్ హార్న్.

ప్రశ్న: పక్క కాలనీలో ఇంకా ఒక పబ్బు మిగిలి ఉంది. దానినైనా కాపాడుకునే మార్గముందా?

జవాబు: ఉంది. అయితే అమ్మకం ప్రకటన వెలువడక ముందే కదలాలి. 2011 నాటి స్థానికత చట్టం ప్రకారం, అక్కడి ఓటర్ల జాబితాలో ఉన్న కనీసం 21 మంది ఒక బృందంగా ఏర్పడి, ఆ పబ్బును సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయమని కౌన్సిల్‌ను కోరవచ్చు. నమోదు అయిదేళ్ళు ఉంటుంది. ఆ తరువాత యజమాని అమ్మదలిస్తే ముందుగా కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఆరు వారాలలోగా మీరు కొనే ఉద్దేశం వ్యక్తం చేస్తే, డబ్బు కూడగట్టుకునేందుకు మొత్తం ఆరు నెలల గడువు దొరుకుతుంది. మీకే అమ్మాలన్న నిర్బంధం మాత్రం యజమానికి లేదు.

బ్రైటన్‌లోని బెవెండీన్ కాలనీ పబ్బు 2010లో మూతపడింది. స్థానికులు వందల సంఖ్యలో వాటాలు కొని, సహకార సంఘంగా ఏర్పడి, 2014 డిసెంబరులో దానిని తిరిగి తెరిచారు. అక్కడ ఇప్పుడు బీరుతో పాటు వృద్ధుల మధ్యాహ్న భోజనాలు కూడా సాగుతున్నాయి. మీ పక్క కాలనీ పబ్బులో కలుసుకునే అద్దెదారుల సంఘాన్నో, ఫుట్‌బాల్ జట్టునో ముందుగా కలవండి. సంతకాలకు కావలసిన 21 మంది చాలాసార్లు అక్కడే దొరుకుతారు.